మార్వా: మునిమాపు రాగము

హిందూస్థానీ సంగీత ప్రసారములను వినునపుడు మన శ్రోతలు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుచుందురు. ఈ రాగమునకు మన సంగీతములో పేరేమి? దీనిని ఈ వేళయందే పాడవలెనను నియమమెందుకు? రెండును సహజమైన ప్రశ్నలే. కాని మార్వా యను రాగము విషయమున మొదటి ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పుకొన్నవారికి రెండవ దానికి సమాధానము దొరకుట కష్టము. "ఇది మన హంసానందియే గదా" అని రేడియో చెంత కూర్చున్నవారిలో ఒకరందురు. తక్కినవారు తల యూపుదురు. అంతటితో రాగమునకు పేరు దొరకినది గనుక వినుట కూడ ముగిసిపోవును. స్వరములను లెక్కించి చూచినచో ఆ మాట అబద్ధము కాదు. హంసానందికి ఏ ఆరు స్వరములో మార్వాకును ఆ ఆరే. అయినను సంజచీకటి కమ్మువేళ మార్వా వినుచున్నవాని మనస్సున కలుగు ఆ విచిత్రమైన ఎదురుచూపు హంసానంది విన్నపుడు కలుగదు. అదే స్వరములు, వేరొక అనుభవము. ఇది ఎట్లు సాధ్యమయ్యెనో విచారించుటయే ఈ ప్రసంగమున మన పని.

ఇందుకు గుమ్మఘట్ట వంటి ఊరిలోని శ్రోతను మనస్సునందుంచుకొని మాటలాడుట నాకు అనుకూలముగా తోచినది. అనంతపురము జిల్లాలో, రాయదుర్గమునకు సమీపమున, హగరి యని కూడ పిలువబడు వేదవతీనదికి చేరువలో నున్న ఊరది. వాన తక్కువ, ఆకాశమెక్కువ. ఆ నదిపై కట్టిన భైరవానితిప్ప జలాశయము ఆ ప్రాంతముననే యున్నది గాని అది నిండిన సంవత్సరములు అరుదు. పేరులో భైరవుడున్నాడు, అయితే భైరవ రాగము ఉదయసంధ్యకు చెందినది. మన కథ సాయంసంధ్యది. సంగీతచరిత్రలో ఈ ఊరికి ప్రత్యేకమైన పేరేమియు లేదు. కాని అది రెండు సంగీతముల సరిహద్దున నున్నది. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు రాయదుర్గము తాలూకా బళ్ళారి జిల్లాలోని భాగము. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన ఆనాడు బళ్ళారి మైసూరు రాష్ట్రమునకు పోగా ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు నిలిచినవి. గీత గీసినంత మాత్రమున చెవులు మారవు. ఆ ప్రాంతపు ఇండ్లలో తెలుగును కన్నడమును కలిసియే వినిపించును. 1950లో ధార్వాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమయినది. 1963లో కడప కేంద్రము వచ్చినది. రేడియో ముల్లును ఒకవైపు త్రిప్పిన త్యాగరాజు, మరియొకవైపు త్రిప్పిన కిరానా ఘరానా ఖయాలు.

ధార్వాడ పరిసరములు హిందూస్థానీ సంగీతమునకు దక్షిణపు కోట వంటివి. కుందగోళమువాడైన సవాయీ గంధర్వ 1952లో గతించినను ఆయన శిష్యులైన గంగూబాయి హానగల్, భీమసేన జోషీల కంఠములు దశాబ్దముల పాటు దేశమంతట వినిపించినవి. మల్లికార్జున మన్సూరు జైపూరు సంప్రదాయమును అక్కడనే వెలిగించెను. సవాయీ గంధర్వకు గురువైన అబ్దుల్ కరీంఖానుకు మన సంగీతమనిన ఎంత మక్కువయో చెప్పుటకు ఒక్క దృష్టాంతము చాలును. 1937లో మరణించిన ఆ ఉస్తాదు త్యాగరాజస్వామివారి తెలుగు కృతిని, ఖరహరప్రియలోని "రామ నీ సమానమెవరు"ను, గ్రామఫోను పలకకు పాడియుంచెను. ఇక బళ్ళారియందు నాటకరంగము సంగతి చెప్పనేల? 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారు తెలుగునాట పర్యటించిరి. బళ్ళారిలో న్యాయవాదియైన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) తెలుగు నాటకములయందు పాటలను ప్రవేశపెట్టెను. నాటకపు హార్మోనియము వెంట ఉత్తరాది మట్లు మన పల్లెలకు ఎప్పుడో వచ్చియున్నవి. కనుక మార్వా గుమ్మఘట్టకు పరాయి అతిథి కాదు. వాకిట నిలిచియున్న దూరపుబంధువు.

ఇక వేళ సంగతి. ఉత్తరాది సంగీతజ్ఞులు సూర్యోదయ సూర్యాస్తమయముల చెంతనుండు రాగములను సంధిప్రకాశ రాగములందురు. పగలును రాత్రియు కాని వెలుగు గల వేళ యిది. మన ఊళ్ళలో దీపాలవేళ యనియు, మునిమాపనియు, పెద్దవారు కొందరు అసురసంధ్య యనియు అందురు. ఇది ఎంతసేపుండును? గుమ్మఘట్ట ఉన్న అక్షాంశమున సూర్యుడు క్రుంకిన తరువాత దీపము లేకుండ ముఖములు గుర్తుపట్టగల వెలుగు ఇంచుమించు 22 నిమిషములు నిలుచును. నవంబరు చివర సూర్యుడు ఆరు గంటలకు ముందే క్రుంకును. జూలైలో ఏడు గంటలకు ఇంకను కొంచెముండగా క్రుంకును. కనుక "సాయంకాలము ఆరు గంటల రాగము" అని గడియారమునకు కట్టిపెట్టిన మాట సరికాదు. రాగము ఎదురుచూచునది సూర్యుని కొరకు.

ఈ సంధిప్రకాశ రాగములలో ఒక సామాన్య లక్షణము కలదు. రిషభము కోమలముగా నుండును. గాంధార నిషాదములు తీవ్రముగా, అనగా పై మెట్టున నుండును. ఉదయపు రాగములలో శుద్ధ మధ్యమమునకును, సాయంకాలపు రాగములలో తీవ్ర మధ్యమమునకును ప్రాబల్యము. మధ్యమమును బట్టి వేళ తెలియును గనుక దానిని దారి చూపు స్వరమని ఉత్తరాదివారు వ్యవహరింతురు.

ఇక్కడ మన శ్రోతకు పేర్లతో ఒక చిక్కు వచ్చును. దానిని ముందుగానే విడదీసికొనుట మంచిది. హిందూస్థానీవారి "శుద్ధ" వేరు, మన "శుద్ధ" వేరు. వారి కోమల రిషభము మన శుద్ధ రిషభము. వారి శుద్ధ గాంధారము మన అంతర గాంధారము. వారి తీవ్ర మధ్యమము మన ప్రతిమధ్యమము. వారి శుద్ధ ధైవతము మన చతుశ్రుతి ధైవతము. వారి శుద్ధ నిషాదము మన కాకలి నిషాదము. ఒకే మాటను ఇరువురును వాడుచు వేర్వేరు మెట్లను చూపుట వలన పండితులే తడబడిన సందర్భములున్నవి. ఈ వ్యాసమున ఇకమీదట వారి పేర్లనే వాడెదను.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. మధ్యాహ్నము తిరిగినది మొదలు రాత్రి మొదటి జాము వరకు హిందూస్థానీ రాగములు నడచు దారిని ఒకసారి హార్మోనియముపై చూచినచో ఆశ్చర్యము కలుగును. మూడవజాము తుదిని పాడు ముల్తానీలో రిషభ గాంధార ధైవతములు మూడును కోమలములు, మధ్యమము తీవ్రము. దానిలోని గాంధారమును ఒక్క మెట్టు పైకి జరిపినచో పూర్వీ తరగతి స్వరములు వచ్చును. శ్రీ, పూరియా ధనాశ్రీ మొదలగు సాయంసంధ్యా రాగములకు ఇవియే ఆధారము. ఇందులో కోమల స్వరములు రెండే మిగిలినవి: రిషభము, ధైవతము. ఇప్పుడు ధైవతమును పైకి జరుపుడు. మార్వా తరగతి వచ్చును. ఒక్క రిషభమే కోమలముగా మిగిలినది. ఆ రిషభమును కూడ పైకి జరిపినచో రాత్రి మొదటి జామున పాడు యమన్ వచ్చును; దానిలో కోమల స్వరమే లేదు. వెలుగు తగ్గుచున్నకొలది స్వరములు ఒక్కొక్కటిగా పై మెట్టెక్కుచున్నవి.

ఈ మెట్లు నాలుగును మనకు తెలియనివా? ముల్తానీ స్వరములు మన 45వ మేళకర్తయైన శుభపంతువరాళివి. పూర్వీ తరగతివి 51వదియైన కామవర్ధినివి. "శివ శివ శివ యనరాదా", "అప్పరామభక్తి" వినినవారికి ఆ స్వరములు పరిచితములే. మార్వా తరగతివి 53వదియైన గమనశ్రమవి. యమన్ స్వరములు 65వ మేళమైన మేచకల్యాణివి. మన ఇండ్లలో పిల్లలు సైతము గుర్తుపట్టగల కల్యాణి వద్దకు ఉత్తరాదివారు ఇంత దారి నడచి, ఒక్కొక్క దీపము వెలిగించుకొనుచు వచ్చుచున్నారు. మనము మేళములను పట్టికలో చూచెదము; వారు ఆకాశమున చూచెదరు. అంత మాత్రమున ఒకటి గొప్ప, ఒకటి తక్కువ యని నేననను. పట్టిక లేనిచో ఈ దారి ఇంత స్పష్టముగా కనబడియుండెడిది కాదు.

కనబరచిన మహానుభావుని గూర్చి రెండు మాటలు. బొంబాయి న్యాయవాదియైన విష్ణు నారాయణ భాత్‌ఖండే (1860-1936) 1904లో దక్షిణదేశమునకు వచ్చెను. ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులవారిని కలిసికొనెను. దీక్షితులవారు తెలుగున రచించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ముద్రితమైనది ఆ సంవత్సరమే. వేంకటమఖి పదిహేడవ శతాబ్దమున రచించిన చతుర్దండీ ప్రకాశికయందలి 72 మేళముల పద్ధతి భాత్‌ఖండేను మిక్కిలి ఆకర్షించినది. ఉత్తరాది రాగములను పది ఠాట్లుగా ఆయన ఏర్పరచుటకు ఆ పద్ధతి ప్రేరణ యయ్యెను. ఆ పదింటిలో మార్వా ఒకటి. కనుక మార్వాను శాస్త్రములో నిలిపిన చట్రమునకు మూలము దక్షిణదేశమున నున్నదనుటలో అతిశయోక్తి లేదు.

పై చెప్పిన నాలుగు మెట్ల క్రమము శాస్త్రమున అందముగా నున్నను ఆచరణలో ఇంత సూటిగా లేదని కూడ చెప్పవలెను. పూర్వీ రాగములో రెండు మధ్యమములును వచ్చును. శ్రీ, పూరియా ధనాశ్రీ, మార్వా మూడును ఒకే గడియకై పోటీపడును. గాయకులు తమ ఘరానాను బట్టి ముందు వెనుకలు చేయుదురు. క్రమము దారిని చూపును, నడక గాయకునిది.

ఇంతకు మార్వాలో ఏమి జరుగుచున్నది? ఒక్క కోమల రిషభమే మిగిలిన చోట ఆ రాగము నిలిచియున్నదంటిమి. ఆ మిగిలిన స్వరమును అది విడువలేకున్నది. మార్వా ఆ రిషభము మీదనే వచ్చి కూర్చుండును. రిషభము వాది, ధైవతము సంవాది. పంచమము వర్జ్యము. ఆరోహణమును మంద్ర నిషాదముతో మొదలిడి ని రి గ మ ధ ని రి సా అనియు, అవరోహణమును రి ని ధ మ గ రి, ని ధ సా అనియు చెప్పుదురు. ఇందు చూడవలసిన దేమనగా, షడ్జమము ఎక్కడ వచ్చినది? చిట్టచివర. పైకి పోవునపుడు నిషాదము నుండి షడ్జమమును దాటి రిషభమునకు దూకుట. క్రిందికి వచ్చునపుడు రిషభము నుండి షడ్జమమును తప్పించి మంద్ర నిషాద ధైవతములకు జారుట. ఇంటి గుమ్మము ముందునుండి మరల మరల పోవుచు లోపల అడుగు పెట్టనివాని వలె గాయకుడు ఆధారస్వరము చుట్టును తిరుగుచుండును.

సంగీతమున షడ్జమము ఇల్లు. ఏ రాగములోనైన చెవి దానికొరకు వెదకును. మార్వా గాయకుడు ఆ ఇంటిని చూపుచునే దూరముగా నుంచును. మంద్ర ధైవతముపై ఒక దీర్ఘమైన నిలుకడ. అక్కడినుండి మెల్లగా రిషభమునకు రాక. రిషభముపై మరియొక నిలుకడ. చెవి "ఇప్పుడు షడ్జమము వచ్చును" అనుకొనును. రాదు. గాంధారమును తాకి మరల ధైవతమునకు పోవును. చివరకు ఎప్పుడో ఒకసారి షడ్జమముపై వ్రాలినపుడు వినువాడు తన కూర్చుండు తీరు మార్చుకొనును. మార్వాను దుఃఖరాగమని, విరహరాగమని, వైరాగ్యరాగమని పలువురు పలురీతుల చెప్పుదురు. నాకు మాత్రము ఆ పేర్లలో ఏదియు సరిపోవునట్లు తోచదు. ఎదురుచూచుట దుఃఖమా? గొఱ్ఱెలమంద ఇంకను తిరిగి రాని ఇంట, మేఘము పట్టి కురియని ఆకాశము క్రింద, మనిషి యుండు స్థితికి ఒక్క పేరు చాలదు.

ఈ అస్తిమితమునకు లెక్కతో కూడిన కారణము కూడ నున్నది. ఇంటిలో హార్మోనియమున్నవారు చూచుకొనవచ్చును. షడ్జమమును 1వ మెట్టుగా లెక్కించినచో పంచమము 8వది. రెంటికి నడుమ దూరము 7 మెట్లు. శుద్ధ మధ్యమము 6వది, దూరము 5. ఈ 7, 5 దూరములు గల స్వరములు ఒకదానినొకటి చక్కగా బలపరచును గనుక ప్రాచీనులు వానిని సంవాదులనిరి. సాధారణముగా రాగమున వాది సంవాదులకు ఈ దూరమే యుండును. మార్వాలోనో? కోమల రిషభము 2వ మెట్టు; శుద్ధ ధైవతము 10వది. దూరము 8. రాగభారమంతయు మోయు రెండు స్తంభములు ఒకదానికొకటి ఆసరా ఇచ్చుకొనవు. వాది సంవాదులని పేరు పెట్టినను వాని నడుమ నిజమైన సంవాదము లేదు. ఈ లోటును లక్షణకారులు ఎఱుగనివారు కారు. అయినను రాగము నడక ఆ రెండు స్వరములపైననే యుండుటచే మరియొకటి చెప్పజాలకపోయిరి.

ఇదే ఆరు స్వరములతో పూరియా యను రాగము కలదు. మార్వాకు అప్పచెల్లెలని చెప్పదగినది. దానిని కొంచెము చీకటిపడిన పిమ్మట పాడుదురు. అందు వాది గాంధారము, సంవాది నిషాదము. లెక్క చూడుడు: గాంధారము 5వ మెట్టు, నిషాదము 12వది, దూరము సరిగా 7. స్తంభములు రెండును ఒకదానినొకటి పట్టుకొన్నవి. కనుకనే పూరియాలో ఆ అలజడి అణగిపోయి, మంద్రస్థాయిలో లోతైన నెమ్మది వచ్చును. మూడవది సోహనీ. అదే స్వరములు, వాది ధైవతము, సంవాది గాంధారము, దూరము 5. నడక అంతయు తారస్థాయిలో. వేళ తెల్లవారుటకు ముందు రాత్రి కడపటి జాము. ఇట్లు ఒకే ఆరు స్వరములు మునిమాపున ఒక రూపము, చీకటి చిక్కబడగా ఒక రూపము, తూర్పు తెల్లబడకముందు మరియొక రూపము దాల్చుచున్నవి.

మరి మన హంసానంది? అది ఎక్కువగా సోహనీకి దగ్గర. లలితాదాసు రచించిన "పావనగురు" విన్నవారు దాని నడకను జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. అందు షడ్జమమును దాచు పట్టుదల లేదు. స్వరములు వెలుగుచు, చుఱుకుగా పైకెగయును. హంసానందిని మనస్సున నుంచుకొని మార్వా విన్నవానికి "ఇతడు పాటను ఎందుకింత సాగదీయుచున్నాడు?" అను విసుగు రాక తప్పదు. పూర్వీకల్యాణి తెలిసినవారికి మార్గము కొంత సులభము. శ్యామశాస్త్రులవారి "నిన్ను వినగ మరి"లో ఆ కోమల రిషభము మీద గీతము వ్రాలు తీరును గమనించినవారు మార్వా రిషభమును వెంటనే గుర్తింతురు. అయితే పూర్వీకల్యాణిలో పంచమమున్నది. అది ఊరట యిచ్చును. మార్వాలో ఆ ఊరట లేదు.

పంచమము మాట వచ్చినది గనుక తంబురాను గూర్చి చెప్పక తప్పదు. మన విద్వాంసుడు ఏ రాగము పాడినను తంబురా పంచమ షడ్జమములనే పలుకుచుండును. హంసానందిలో పంచమము వర్జ్యమయినను వెనుక తంబురాలో అది వినబడుచునే యుండును. ఉత్తరాదివారు పంచమము లేని రాగమునకు తంబురా మొదటి తీగను మార్చి శ్రుతి చేయుదురు. మార్వాకు సామాన్యముగా నిషాదమునకు, కొందరు ధైవతమునకు కూర్తురు. అప్పుడు వెనుకనుండి వచ్చు నాదమే మారిపోవును. కాళ్ళ క్రింది నేల గట్టిదా మెత్తనిదా యన్నంత భేదమది. రేడియో విన్నంతనే మార్వాలో ఏదో తెలియని దిగులున్నదనిపించుటకు గాయకుడు నోరు విప్పకముందే ఆ తీగ సగము కారణము. ధ్వని స్పష్టముగా రాని యంత్రములలో తంబురా వినబడక ఈ రాగము సగము నష్టమగును.

ఖయాలు గానము తీరును గూర్చి కొంచెము. కచ్చేరీ యనిన పది పన్నెండు కృతులు విను అలవాటున్న మనకు ఒకే రాగమును ముప్పావు గంట పాడుట వింతగా తోచవచ్చును. గాయకుడు విలంబితమున, అనగా తాళము ఒక్క ఆవర్తము ముగియుటకే చాల కాలము పట్టు నడకలో, చిన్న సాహిత్యమును గ్రహించి రాగమును ఒక్కొక్క స్వరముగా విప్పును. ఇది మన రాగాలాపనకు దగ్గర. అయితే తబలా వెంటనుండును. మొదట మంద్ర ధైవత నిషాదముల వద్ద తిరుగుట, పిదప రిషభము, పిదప గాంధారము, మధ్యమము, చాలసేపటికి మధ్యస్థాయి ధైవతము, ఆ తరువాత తారస్థాయి. తార రిషభమును ముట్టి, తార షడ్జమమునకు దిగినపుడు రాగము శిఖరమును చేరును. అటుపిమ్మట ద్రుత ఖయాలు, తానములు. నా అభిప్రాయమున మార్వాకు తానములు అంతగా శోభింపవు. వేగము పెరిగినకొలది షడ్జమమును దాచుట కష్టమై రాగము సోహనీ వైపు జారు ప్రమాదమున్నది. అమీర్‌ఖాను (మరణము 1974) ఈ ప్రమాదమును బాగుగ నెఱిగినవాడు. 1960 ప్రాంతమున వెలువడిన ఆయన దీర్ఘవాద్య పలకలో ఒకవైపు మార్వా, రెండవవైపు దర్బారీ యున్నవి. ఆ మార్వాలో ఆయన తొందరపడిన క్షణము నాకు కనబడలేదు. మొదటిసారి వినువారు దానితోనే మొదలిడుట మేలు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఈ రాగమును మునిమాపుననే పాడవలెనా? స్వరములలోనే సంధ్య యున్నదా, లేక మనవారి అలవాటు దానికి సంధ్యను అంటగట్టినదా? శాస్త్రరీత్యా స్వరమునకు గడియారము లేదు. మార్వా స్వరములు ఉదయము పది గంటలకు వాయించినను అవే ప్రకంపనములు. మన సంగీతమునను భూపాలము ఉదయమునకు, నీలాంబరి రాత్రికి తగినవని చెప్పుదురు. కాని కచ్చేరీలో విద్వాంసుడు ఏ వేళనైన ఏ రాగమునైన పాడును, ఎవరును ఆక్షేపింపరు. కనుక వేళానియమము ప్రకృతిశాసనమని వాదించుట నాకిష్టము లేదు. అయినను అలవాటు అనిన తేలిక మాట కాదు. కొన్ని తరములవారు ఒకే వెలుగులో ఒకే రాగమును విని, పాడి, ఆ వెలుగునకు తగినట్లు దాని నిలుకడలను మలచినారు. గాంధారముపై నిలువదగినదేదో, రిషభముపై నిలువదగినదేదో ఆ వెలుగులోనే తేల్చుకొన్నారు. ఇప్పుడు వేళను తీసివేసిన రాగమునకు ఏమియు కాదనుట, పండుగను తీసివేసిన పిండివంటకు రుచి పోదనుట వంటిది. రుచి యుండును, ఏదో తక్కువగును.

ఈ సంగతి నేడు కేవలము వాదము కాదు. సభాభవనములలో కచ్చేరీలు ఆరున్నరకో, ఏడింటికో మొదలగుచున్నవి. జ్యోతి వెలిగించుట, పుష్పగుచ్ఛములు, ఉపన్యాసములు ముగియునప్పటికి 22 నిమిషముల సంజ ఎప్పుడో గతించియుండును. గాయకుడు యమన్‌తోనో పూరియా కల్యాణ్‌తోనో మొదలిడక తప్పదు. 1952లో ప్రారంభమైన ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమము సైతము రాత్రివేళదగుటచే బిహాగ్, మాల్కౌఁస్, దర్బారీలు దేశమునకు పరిచితములయినంతగా మార్వా, శ్రీ పరిచితములు కాలేదు. పగటి రాగములకును సంధ్యారాగములకును సభలో చోటు తగ్గినకొలది శిష్యులు వానిని నేర్చుట తగ్గును. నేర్చినవారు తక్కువయినపుడు అవి పలకలలో మాత్రమే మిగులును. ఈ నష్టమును కొంతలో కొంత ఆపగల సాధనము రేడియోయే. సభకు గాయకుడు సంజవేళ రానక్కరలేదు. సంజవేళ ఇంటికే సంగీతము వచ్చును. పైగా నేడు ధార్వాడ, హైదరాబాదు కేంద్రముల ప్రసారములు చేతిలోని ఫోనునందును వినవచ్చును. పాతకాలపు కచ్చేరీలు కోరినపుడెల్ల దొరకుచున్నవి. ఏ రాగమైనను ఏ గంటకైనను వినగల స్వేచ్ఛ వచ్చినది. ఆ స్వేచ్ఛతో మార్వాను దాని వేళకే వినుట ఇప్పుడు శ్రోత చేతిలోని పని.

వినదలచినవారికి కొన్ని సూచనలు. సూర్యుడు క్రుంకుటకు పది నిమిషములు ముందుగా కూర్చుండుడు. ఇంటిలో దీపము అప్పుడే వెలిగింపవలదు. పెద్దవారు ఆక్షేపించినచో దేవునిగదిలోని దీపము చాలును. మొదటి ఐదు నిమిషములు గాయకుని విడిచి తంబురాను మాత్రమే వినుడు, షడ్జమము ఎక్కడ నున్నదో చెవికి గుర్తుండవలెను. తరువాత గాయకుడు ఆ షడ్జమముపై ఎన్నిమారులు నిజముగా నిలిచెనో మనస్సులో లెక్కించుకొనుడు. మొదటి పావుగంటలో ఆ లెక్క వ్రేళ్ళపైననే ఆగిపోవుట చూచి మీరే ఆశ్చర్యపడుదురు. పిల్లలకు హార్మోనియముపై రిషభ ధైవతములను ఒకేసారి నొక్కి చూపుడు, ఆ పిదప గాంధార నిషాదములను నొక్కుడు. మార్వాకును పూరియాకును గల భేదమును ఏ పండితుడును ఇంతకంటె స్పష్టముగ చెప్పలేడు. అయితే హార్మోనియము మెట్టుకు చిక్కని సూక్ష్మభేదము మార్వా రిషభములో ఉన్నదని కూడ వారికి చెప్పుడు; దానిని గాయకుని కంఠమునుండియే గ్రహింపవలెను.

మార్వా ముగిసినంతనే మరియొకటి పెట్టక కొంచెముసేపు ఊరకుండుడు. అప్పటికి రాయదుర్గము కొండ వైపు వెలుగు పూర్తిగ పోయియుండును. అటుపిమ్మట యమన్ పెట్టుడు. గాయకుడు మొదటిమారు నిషాదమునుండి రిషభమునకు వచ్చినపుడు, అంతవరకు క్రింది మెట్టున నిలిచియున్న ఆ స్వరము పై మెట్టెక్కుట చెవికి తెలిసిపోవును.